సొట్టల లెక్క

పోర్ట్ పిరీ టౌన్ హాల్లో శనివారం సాయంత్రం
ముగ్గురు సంగీతం టీచర్లకు సన్మానం.
నాకూ కార్డొచ్చింది.
ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను గానీ
గోళ్ళ సందుల్లో పాలిష్ నలుపు వదల్లేదు.

బృందగానం నేర్పిన ఓల్గా బ్రెనెకీకి
శాలువా కప్పుతారేమో అనుకున్నాను, పూలకుండీ ఇచ్చారు.
వయొలిన్ మేష్టారు కొవాల్చిక్
మైకు అందుకుని, పాపం, ఒక్క ముక్కా పెగల్లేదు.
మూడో పేరు లోర్నా ట్రెవారో.
ముప్పై ఎనిమిదేళ్ళు బడి బ్యాండు,
పదకొండు కప్పులు,
ఏడు వందల చిల్లర పిల్లలు.
మేయరు చదువుతుంటే
ఆమె చేతిలో గాజు ఫలకం తళుక్కుమంది.

ఆ జాబితా తప్పని అనను.
నా దగ్గర ఇంకోటుంది.

మా వాళ్ళు బుడితి కంచర్లు.
చిల్లు బిందెకు మాటు వేసిన చేతులు,
గుండిగకు కళాయి పూసిన చేతులు
ఇక్కడ ట్రాంబోన్ గొట్టంలో
ఇనప గుండు దొర్లిస్తున్నాయి.
ఏటా జనవరిలో, ఎండకి తారు మెత్తబడే రోజుల్లో,
ఆమె వ్యాను నా షెడ్డు ముందు ఆగేది.
వెనక తలుపు తీస్తే అన్నీ సొట్టలే.
ఒక్కోదాని మెడకీ పురికొసతో కట్టిన చీటీ:
పేరు, తరగతి, జబ్బు.
కింద ఎర్ర సిరాతో, అర్జెంటు.

"వీటో. ఏడు. సైకిల్ మీంచి పడ్డారు, ఇద్దరూ.
వాడికి కట్టు కట్టించాం, దీని సంగతి మీరు చూడండి. అర్జెంటు."

"టీగన్. తొమ్మిది. పళ్ళకి కొత్తగా క్లిప్పులు.
మౌత్‌పీస్ అంచు కాస్త మెత్తన చెయ్యగలరా? అర్జెంటు."

"డ్వేన్. పది. వాళ్ళ నాన్న విసిరేశాడు.
బిల్లు బడికి వద్దు, నాకు పంపండి.
వాడికి తెలియనివ్వకండి. అర్జెంటు."

మెట్ల మీద జారిన సొట్ట గుండ్రంగా ఉంటుంది.
గోడకేసి కొట్టింది అలా ఉండదు.
చీటీ చదవకముందే నా బొటనవేలికి తెలిసిపోయేది.
డ్వేన్ కార్నెట్ మూడుసార్లొచ్చింది,
నాలుగోసారి రాలేదు.
ఆమె వాళ్ళింటికెళ్ళి ఏం మాట్లాడిందో
నేను అడగలేదు.

పదిహేడో నంబరు యుఫోనియం
పదకొండుమంది ఒళ్ళో కూచుంది.
పెట్టె మూత లోపల పిన్నుతో గీకిన పదకొండు పేర్లు,
మూడో పేరూ తొమ్మిదో పేరూ తల్లీకూతుళ్ళు.
దాని గొంతు దగ్గర అతుకు ఐదుసార్లు ఊడింది.
ఐదుసార్లూ మాటు వేశాను.
ఆ పదకొండుమందికీ ఆమె
ఎన్ని మాట్లు వేసిందో ఏ ఖాతాలోనూ లేదు.

ఒకసారి అడిగాను,
ఇంత పాతవి పారేసి కొత్తవి కొనొచ్చుగా అని.
"కొత్తదైతే పిల్లలు జడుస్తారు.
సొట్ట ఉంటే ధైర్యంగా ముట్టుకుంటారు" అంది,
రసీదు మడిచి పర్సులో పెట్టుకుంటూ.

చప్పట్లు ఆగాక అందరూ ప్రసంగం కోసం చూశారు.
ఆమె కళ్ళజోడు సర్దుకుని
"వెనక వరసవాళ్ళు నిటారుగా కూచోండి" అంది.
అంతే.
స్మెల్టర్లో ఫోర్‌మన్లు, నైట్ డ్యూటీకి వెళ్ళాల్సిన నర్సులు,
మనవల్ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు,
హాలు హాలంతా నడుం నిలబెట్టింది.
జన్మలో బూర ఊదని నేను కూడా.

మంగళవారం కొరియర్‌లో ఓ పెట్టె వచ్చింది.
లోపల వెండిపూత కార్నెట్, ఒక్క సొట్ట లేదు.
వాల్వులు ఎండి బిగుసుకుపోయాయి,
లోపలి గొట్టాల్లో పచ్చటి చిలుము.
ఎన్నేళ్ళయిందో దాన్ని ఎవరైనా పెదవికి ఆనించి.
మెడకి పురికొస. చీటీ. అదే చేతిరాత.

పేరు: లోర్నా.
తరగతి: మళ్ళీ ఒకటి.
జబ్బు: గాలి పోతోంది. దానిదో, నాదో చూసి చెప్పండి.
కింద, ఎర్ర సిరా ఎప్పుడూ ఉండేచోట,
తొందరేం లేదు.

బల్ల మీద ఉన్నవన్నీ పక్కకి జరిపాను.